నలభై సెకన్ల గోడ

హలో… ఆ, నేనే సరితా, సుష్మక్కని. నీవి పదకొండు మిస్డ్ కాల్స్ ఉండాయి. ఇప్పుడే చూసినా.

లోపలికి పోయేటప్పుడు ఫోను లాకర్లో పెట్టాల కదా మాకు… ఆ, ఇప్పుడు టీ బ్రేకు. పదిహేను నిమిషాలు. రోడ్డు దాటి మెట్రో కింద నిలబడినా… తడవలేదులే. నువ్వు చెప్పు. ఏడుస్తాండావా?

…

ఏ వీడియో?… ఆ, గోడది. పొద్దున చెప్పినావు కదా.

…

కనపడటం లేదా.

…

లేదు, నువ్వేమీ తప్పు నొక్కలేదు. నీ ఫోను కూడా బాగానే ఉంది. ఎవరో తీయించినారు… తీయించడమంటే, నోటీసు పంపుతారు, ఫలానా వీడియో తీసెయ్యండని. పంపితే తీసేస్తారు. ఆ సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు నేనడిగినదానికి చెప్పు. ఖాజాగూడలో వాన ఎట్ల ఉంది?

…

ఇక్కడ కూడా అంతే. నాలుగు కూడా కాలేదు, కార్లన్నీ లైట్లేసుకుని పోతాండాయి.

గోడ?

…

పొద్దున బెత్తెడు అన్నావు. మిరపకాయలు తరుగుతా తరుగుతా చెయ్యి చాపి చూపించినావు, ఇంత ఉబ్బిందక్కా అని. ఇప్పుడెంత?

…

మూరెడా.

…

పగుళ్ళలోంచి నీళ్ళు వస్తాండాయా… ఏ రంగు?… దగ్గరికి పోవద్దు, అక్కడి నుంచే చూడు… ఎర్రగా. అంటే వెనక మట్టి కరుగుతాంది. నాకేం ఇంజనీరింగు రాదు సరితా. మా ప్రొద్దుటూరులో మా నాయన బావి కూలేముందు ఇట్లనే ఎర్రనీళ్ళు వచ్చినాయంట, అదొక్కటే తెలుసు నాకు.

గోడ వెనక ఎంత ఎత్తు పోసినారు మట్టి?… పైదాకా. కొత్త బిల్డింగుకు సెల్లార్ తవ్వి తీసిందంతా అక్కడే పోసి, దాని కిందనే మీకు రేకుల షెడ్లు వేసిచ్చినారు. బాగుంది తెలివి.

సరేలే. షెడ్లలో ఎవరూ లేరు కదా, అది చాలు నాకు. ఇరవై రెండు షెడ్లోళ్ళూ తెల్లారేసరికి మూటలు కట్టుకుని స్కూలు వరండాలోకి పోయినారన్నావు. నీ వీడియో చూసే కదా పోయింది. ఎంత సంతోషపడినావో పొద్దున.

…

మళ్ళీ వచ్చినారా?

…

అందరూనా? ఎందుకొచ్చినారు?

…

మధుసూదన్ ఎవరు… మీ సైటు సూపర్‌వైజరు. మొన్న నువ్వు పోయి గోడ సంగతి చెప్తే, నీకెందుకమ్మా నీ పని చూసుకో అన్నాడే, ఆయనేనా. సరే. ఆయనేం చేసినాడు?

…

వీడియో తీసేసినామని నీకొచ్చిన మెసేజి ఆయన చేతికి ఎట్ల పోయింది?… భాస్కర్ ఇచ్చినాడా. నీ మొగుడిని ఏమీ అనొద్దులే. గేటు దగ్గర సెక్యూరిటీగా ఉన్నోడు, సార్ అడిగితే ఫోను ఇయ్యనని ఎట్ల అంటాడు.

ఏముంది అందులో? మొత్తం చదువు. నిదానంగా.

…

'ఈ వీడియోలోని సమాచారం అవాస్తవం… ప్రజలను భయాందోళనకు గురిచేస్తున్నందున తొలగించాం.' అంతేనా? కింద ఇంకేమన్నా ఉందా?… సంతకం ఉండదులే, సంతకం ఎవరు పెడతారు.

ఇది పట్టుకుని అందరి దగ్గరికీ తిరిగినాడా?

…

'అంత పెద్ద కంపెనీవాళ్ళు పరీక్ష చేసి అబద్ధమని తేల్చినారు. ఇంక మీకేం భయం, లోపలికి నడవండి' అని. స్కూలు దాకా పోయి మరీ చెప్పినాడా.

…

మల్లయ్య మేస్త్రీ కూడా నమ్మినాడా. అందరికంటే ముందు పెట్టె సర్దింది ఆయనే అన్నావు కదా.

…

సరితా, నా మాట విను. ఎవరూ పరీక్ష చేయలేదు. గోడ దగ్గరికి ఎవరూ రాలేదు, కొలవలేదు, చేత్తో తట్టి చూడలేదు. ఏదో గాజు బిల్డింగులో ఏసీలో కూర్చున్న మనిషి ఒకటి నొక్కితే ఆ మాట వచ్చింది. మా ఫ్లోరు లాంటి ఫ్లోరులోనే… అవును, నేను చేసే పనే. వందలమందిమి ఉండాం, ఎవరి వీడియో ఎవరికి పోతాదో మాకు తెలీదు.

ఎన్ని గంటలకు పోయింది నీది?

…

పదకొండు పదికా.

…

ఏమీ లేదు. ఊరికే అడిగినా. ఎంతసేపు ఉంటాది వీడియో?… నలభై సెకన్లు.

గోడ మీద సున్నంతో ఏమన్నా గీసుందా?… బాణం గుర్తు. ఎడమవైపుకు. దాని కింద నీళ్ళ డ్రమ్ము, డ్రమ్ము మీద చీర ఆరేసి…

…

మీ అత్త చీర.

…

ఉండా, ఉండా. వింటాండా. బస్సు పోతాంది, ఒక్క నిమిషం.

…

పోయింది.

సరితా, అది తీసింది నేనే.

…

నేనే. సుష్మను. పొద్దున నువ్వు కలిపిచ్చిన కాఫీ తాగి, క్యాబెక్కి, వచ్చి కూర్చుని, పదకొండు పదికి నేనే తీసేసినా.

…

సరితా.

…

తిట్టు. ఏదో ఒకటి అను.

…

నీదని తెలీదు. ఒట్టు. పేరు చూపించరు మాకు, ఊరు చూపించరు. పొద్దున నువ్వు 'జర చూడక్కా' అని ఫోను నా ముందు పెట్టినప్పుడు చూసుంటే గుర్తుపట్టేదాన్ని. క్యాబొచ్చిందని చెప్పులేసుకుంటా 'మంచిపని చేసినావు' అనేసి పోయినా. చూడకుండానే మెచ్చుకున్నా, చూసి తీసేసినా.

…

ఏమన్నావు?

…

నీ గొంతా…

వినలేదు సరితా.

రోజంతా నరుక్కునేవీ తగలబెట్టుకునేవీ చూస్తాం మేము. చూసి చూసి మతి చెడిపోతాదని మాకొక పద్ధతి పెట్టినారు. రంగు తీసేసి చూపిస్తారు, నెత్తురు కనపడకుండా. శబ్దం తీసేస్తారు, అరుపులు వినపడకుండా. కావాలంటే ఒకటి నొక్కి వినొచ్చు. ఎవరూ నొక్కరు. ఒక్కో వీడియోకు అర నిమిషం, ఆలోపల తేల్చాల. నాకు బూడిదరంగు గోడ కనపడింది. దాన్ని తడతా ఒక చెయ్యి కనపడింది. ఎవరో జనాన్ని బెదిరిస్తాండారు అనుకున్నా. నాలుగేళ్ళ నుంచి రోజూ పొద్దున మా వంటింట్లో వినపడే గొంతు అందులో ఉంటే, నేను వినలేదు.

…

అడుగు, అడుగు. నీకు అడిగే హక్కు ఉంది.

…

నోటీసులో వదంతి అని ఉంది. ఎందుకు వదంతో చెప్పరు, చెప్పడానికి అందులో జాగా కూడా ఉండదు. తీసెయ్యడానికి మూడు గంటల గడువు. నా దగ్గరికి వచ్చేసరికి రెండున్నర అయిపోయినాయి. తీసేస్తే నన్ను అడిగే నాథుడు లేడు. ఉంచితే మాత్రం ఎందుకు ఉంచినావని సంజాయిషీ రాయాల, నా పేరు పైదాకా పోతాది. అనుమానం వస్తే తీసెయ్యండని మొదటి రోజే నేర్పిస్తారు. ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలకు నేనే నేర్పిస్తాండా.

ఇంకొకటి ఉంది, అది కూడా విను. తీసేటప్పుడు కారణం నొక్కాల. ఆరు కారణాలు, ఆరు అంకెలు. మిగతా ఐదింటిలో ఏది నొక్కినా ఇంకొకరు సరిచూడాల, ఇరవై నిమిషాలు ఆగిపోతాది. నాలుగు నొక్కితే ఎవరూ చూడక్కర్లేదు, వెంటనే అయిపోతాది. అందుకే మా టీములో అందరం నాలుగే నొక్కుతాం. బ్రేకు పోకుండా ఉంటాదని. నాలుగు నొక్కితే అవతల మనిషికి ఏం మాట పోతాదో మాకెవరికీ తెలీదు సరితా. ఆ వాక్యం నేను మొదటిసారి ఇప్పుడు నీ నోట విన్నా.

…

అట్ల కాదులే, రూలు పెట్టిందే తప్పని అనను నేను. పోయిన నెల పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని ఒక మతిలేని ముసలాయన వీడియో తిప్పినారు. జనం కర్రలు పట్టుకుని వెతికినారు. ఆరోజు నాలుగు నొక్కి, ఇంటికొచ్చి నీకు ఎంత గొప్పగా చెప్పుకున్నానో. అబద్ధాన్ని తీయాల్సిందే. నిజమా అబద్ధమా అని ఒక్కరన్నా అడగాల కదా తీసేముందు. అదే లేదు మా దగ్గర.

…

మళ్ళీ పెట్టి చూసినావా నువ్వు?… మూడుసార్లు. పెట్టిన వెంటనే పోయింది కదా. ఒకసారి తీసినదాన్ని మిషను గుర్తుపెట్టుకుంటాది, ఇంక మనిషి దాకా రానియ్యదు… నీ ఖాతా కూడా మూసేసినారా.

భవాని అంటే మీ పక్క షెడ్డామె కదా. ఆమెది కూడానా?… నీ వీడియో ఇంకొకరికి పంపిందని. వారం రోజులు.

ఇంక ఎవరూ పంపడం లేదా… పంపరులే. భయపడతారు. తమ ఫోనుకు ఏమైనా అవుతాదని.

…

నేను తిరిగి పెట్టలేను. అది నా చేతిలో లేదు. మా పైన సీతారామయ్య సార్ ఉండారు, ఆయన పైకి రాయాల. వాళ్ళు నోటీసు పంపిన సర్కారు ఆఫీసుకు రాయాల. వాళ్ళు ఒప్పుకుంటే అప్పుడు. తొందరపెడితే రేపు సాయంత్రానికి అవుతాదేమో… తెలుసు. రేపు సాయంత్రం దాకా గోడ ఆగదని నాకు కూడా తెలుసు.

ఏం చప్పుడు అది?

…

పెళ్ళలు రాలుతాండాయా. నువ్వు యాడ నిలబడినావు?… ఇంకా వెనక్కి పో. నీళ్ళ ట్యాంకరు ఉంటాది కదా రోడ్డు పక్క, అక్కడికి పో. పిల్లోళ్ళు యాడ ఉండారు?… నీ దగ్గరే. మంచిది, కొంగు వదలనియ్యకు.

మీ అత్త?

…

ఎల్లమ్మ షెడ్డులోనే ఉందా. ఎందుకు రాదంట?… 'కంపెనీవాళ్ళకన్న నీకెక్కువ తెలుసా' అంటాందా. పొద్దున నీ మాట విని మూట కట్టిన మనిషేనా ఈమె.

…

వీడియో పెట్టి అత్త పరువు తీసినావని తిట్టిందా. అబద్ధాల కోడలని నలుగురూ నవ్వుతాండారని… అందుకా నువ్వు ఏడ్చింది.

సరితా, నేను చెప్తా వాళ్ళకు. కంపెనీ మాటే కావాలంటే కంపెనీ మనిషినే కదా నేను. అందర్నీ పిలిచి ఫోను స్పీకర్లో పెట్టు.

…

నా ఉద్యోగమా. లోపలి సంగతి బయట చెప్పనని సంతకం పెట్టినా, చెప్తే తీసేస్తారు. నిజమే. ఇంటి కిస్తీలు ఉండాయి, అదీ నిజమే. ఇప్పుడు అవన్నీ మాట్లాడుకునే టైమా ఇది, పిలువు. మా టీములో నవ్య అని ఉందిలే, గేటు దగ్గర్నుంచి చెయ్యి ఊపుతాంది, బ్రేకు అయిపోయిందని. ఊపనీ. పిలువు నువ్వు.

…

వచ్చినారా?… ఎంతమంది?… చాలు. మొదలుపెడతా.

అందరికీ వినపడుతోందా? నా పేరు సుష్మ. సరిత వంట చేసే ఇంట్లో ఉండేది నేనే, మణికొండలో. సరిత వీడియో తీసేసిన కంపెనీలో పనిచేస్తా. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, దాన్ని తీసేసింది నేనే. నేను మీ గోడను చూడలేదు. సరిత అందులో ఏం చెప్పిందో వినలేదు. అబద్ధమని తేల్చడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఒక అంకె నొక్కినా, అంతే. మీకు సూపర్‌వైజర్ సార్ చూపించిన మాట మిషను పంపిన మాట, అందరికీ అదే పంపుతాది. దాన్ని నమ్మి ఆ గోడ కింద కూర్చోవద్దు. సరిత అబద్ధం చెప్పలేదు. తప్పు చేసింది నేను.

…

ఎవరు?… మల్లయ్యన్నా. చెప్పు అన్నా.

…

కార్డు ఉంది, మెడలోనే. ఫొటో తీసి సరితకు పంపిస్తా, ఉండు… పంపినా. వచ్చిందా?… నేనే అన్నా అది. అప్పుడు జుట్టు పొడుగ్గా ఉండేది.

…

'గీ కార్డు ఇంగ్లీషుల ఉన్నది, మాకేం తెలుస్తది' అంటావా. అది కూడా నిజమే.

…

వినపడలే, గట్టిగా చెప్పు… 'ఫోన్ల ఎవరో చెప్తే నమ్మాల్నా, కంపెనీ రాసిచ్చింది నమ్మాల్నా' అని. మల్లయ్యన్నా, ఆ రాసిచ్చింది నేనేనని చెప్తాండా కదా.

…

'అయితె మళ్ల పెట్టియ్యి. కనవడితె అప్పుడు పోతం.' పెట్టియ్యలేనన్నా. తీయడానికి ఒక వేలు చాలింది. పెట్టడానికి నాకు పైన ఆరుగురు ఒప్పుకోవాల. రేపవుతాది. నువ్వు రేపటిదాకా ఆ గోడ కింద ఉండొద్దు.

…

అర్థమవుతాంది. స్కూలోళ్ళు మధ్యాహ్నమే తాళమేసుకున్నారు, ఇంత వానలో పిల్లల్నీ ముసలోళ్ళనూ తీసుకుని యాడికి పోవాల అని. పోవడానికి చోటు లేనప్పుడు గోడ గట్టిదంటే నమ్మబుద్ధి అవుతాది, నాకైనా అంతే. మా అపార్ట్‌మెంటులో సెల్లార్ ఉంది అన్నా, మణికొండలో. ఖాజాగూడ నుంచి ఆటోలో ఎంతసేపు. వాచ్‌మన్ పుల్లయ్యకు ఇప్పుడే ఫోను చేసి చెప్తా, గేటు తీస్తాడు. అసోసియేషన్‌వాళ్ళు గొడవ చేస్తే ఆ మాటలు నేను పడతా. మీరు కదలండి, అంతే.

…

'సారు ఈడనే ఉన్నడు, సారుకు లేని ఫికరు మాకెందుకు' అంటావా. యాడ ఉన్నాడు మీ సారు?… ఆఫీసు డబ్బాలోనే, ఆ కంటైనరు గదిలో. ఆ డబ్బా ఎక్కడ ఉంది, గోడ పక్కనేనా?

…

గేటు దగ్గరా? రోడ్డు మీదికా?

…

సరితా, నువ్వు చెప్పు. నిన్నటిదాకా ఎక్కడ ఉండేది అది?… మీ షెడ్ల వరసలోనే, గోడకు ఆనించి. ఎప్పుడు జరిపినారు?

…

పొద్దున ఎనిమిదింటికి, క్రేను తెప్పించి. మీరందరూ స్కూల్లో ఉన్నప్పుడు. ఎందుకు జరిపినాడంట?… గేటు దగ్గరైతే ఫోను సిగ్నలు బాగుంటాదని.

మల్లయ్యన్నా, విన్నావా. పొద్దున ఎనిమిదింటికి. సరిత వీడియో అప్పటికి ఉంది. దాన్ని నీకంటే గట్టిగా నమ్మినోడు ఒకడున్నాడు మీ సైట్లో.

…

ఏమైంది అక్కడ?

…

ఎవరొస్తాండారు?… సరితా, ఫోను ఇయ్యొద్దు. సరితా—

…

హలో. ఆ, సుష్మనే మాట్లాడుతాండా. నమస్తే మధుసూదన్ సార్.

…

అవును, మీరు విన్నది నిజమే. నేనే చెప్పినా వాళ్ళకు.

…

ప్రొద్దుటూరు… మీది జమ్మలమడుగా. మా పెద్దత్తను ఇచ్చింది కూడా అక్కడే… లేదు సార్, వాళ్ళెవరో చెప్పను. ఇప్పుడు చుట్టరికాలు ఎందుకు.

…

మన వైపు ఆడపిల్లవని మర్యాదగా చెప్తాండారా. చెప్పండి, వింటా.

…

లేబరు వాళ్ళు, వాళ్ళకేమీ తెలీదు, ఒకరు పరిగెత్తితే అందరూ పరిగెత్తుతారు. సరే… పని ఆగిపోతాది. సరే… ఆ నోటీసు నంబరు తొంభై ఏడు…

సార్, ఆ నంబరు మీకు ఎట్ల తెలుసు?

…

లేదు, నేను చెప్పలేదు. సరితకు వచ్చిన మెసేజిలో నంబరు ఉండదు. మా స్క్రీను మీద ఉంటాది, లేదంటే నోటీసు అడిగి పంపించినోళ్ళ దగ్గర ఉంటాది.

…

అడగనులేండి. అడగాల్సిందేమీ మిగల్లేదు.

…

మా కంపెనీలో ఎవరికి ఫోను చెయ్యాలో కూడా తెలుసా. చెయ్యండి… చేసినారా అప్పుడే.

ఆ, వస్తాంది. మా సీతారామయ్య సార్ కాల్ వస్తాంది, మీతో మాట్లాడతా ఉండగానే. చానా తొందరగా చేస్తారు సార్ పనులు మీరు… ఎత్తను. ఎత్తితే ఇది పెట్టేయాల.

…

నేను కూడా వదంతి పుట్టించినట్టేనా. కేసు పెడతారా. భయమేస్తాంది సార్, లేదని చెప్పను. ఇక్కడ మా గేటు దగ్గర సెక్యూరిటీ అతను కూడా నన్నే చూస్తాండాడు, అతనికి కూడా ఏదో ఫోను వచ్చింది.

…

స్పీకర్ ఎట్ల తీసెయ్యాలని అడుగుతాండారు, ఎవర్ని, సరితనా?… తియ్యొద్దు సరితా. సార్, ఉండనియ్యండి. నలుగురి ముందు చెప్పలేని మాట అయితే నాకు కూడా చెప్పొద్దు.

ఒక్కటి అడుగుతా, జవాబు చెప్పి పెట్టేసుకోండి. గోడ గట్టిదైతే మీ డబ్బాను ఎందుకు జరిపించినారు?

…

సిగ్నలు. ఒప్పుకున్నా. అయితే ఇప్పుడు మళ్ళీ పాత చోటనే పెట్టించండి. క్రేను ఉంది కదా. పెట్టించి, మీరు లోపల కూర్చోండి, కుర్చీ వేసుకుని. మీరు కూర్చుంటే వాళ్ళు కూడా వాళ్ళ షెడ్లలో కూర్చుంటారు. నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకుని, ఇప్పుడే పోలీసుల దగ్గరికి నేనే పోతా.

…

చెప్పండి సార్. కూర్చుంటారా?

…

అందరూ వింటాండారు.

…

ఎవరు ఆ మాట్లాడేది, వెనక?… ఎల్లమ్మ పెద్దమ్మా, నువ్వేనా. షెడ్డులోంచి బయటికొచ్చినావా… ఆ, అదే. నేను అడుగుతాండేది కూడా అదే. నేను యాడనో ఉండా, నువ్వు ఆయన ఎదురుగా ఉండావు. నువ్వే అడుగు. గట్టిగా అడుగు.

…

ఎందుకు జరిపినవ్ కొడుకా, అని. ఆ.

…

భాస్కర్, ఎవరు తోస్తాండారు అక్కడ? మీ అమ్మను పట్టుకో నువ్వు. సార్‌ను వదిలెయ్, ఆయన్ను పట్టుకోవడానికి చానామంది ఉంటారు. మీ అమ్మను పట్టుకో.

…

సార్, పెట్టెయ్యొద్దు. సార్—

సరితా, యాడ ఉండావు? నాకు గిన్నెల చప్పుడు వస్తాంది. చానా గిన్నెలు. ఎవరో పరిగెత్తుతాండారు… మూటలు కడుతాండారా, విప్పుతాండారా? బయటికి పోతాండారా, లోపలికా? అదొక్కటే చెప్పు నాకు. ఒక్క మాట. సరితా, బయటికా—

హలో.

హలో…